సాయంత్రం రైడ్‌కి ముందు పొద్దుగూకే టైమ్ చూడండి

పొద్దున రైడ్‌లో ఆలస్యమైనా పెద్దగా పోయేదేం లేదు. వెలుతురు పెరుగుతూనే ఉంటుంది, పంక్చరైతే తాపీగా కూర్చుని ట్యూబ్ మార్చుకోవచ్చు. సాయంత్రం అలా కాదు. ఎక్కడ పది నిమిషాలు పోగొట్టుకున్నా అది చివర్లో చీకట్లో తొక్కాల్సిన పది నిమిషాలవుతుంది. అందుకే ఊరి బయటికి గ్రూపు రైడ్ వేసేటప్పుడు రూటు కన్నా ముందు సూర్యాస్తమయం చూసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్క కట్టాలి.

హైదరాబాద్‌లో జూన్ చివర పొద్దు గూకేది 6:50 దాటాక. నవంబర్ చివరికొచ్చేసరికి 5:40కే. ఆ తర్వాత రోడ్డు మీద గుంత కంటికి ఆనేంత వెలుతురు మహా అయితే 20, 25 నిమిషాలు. కొత్తవాళ్లు, హైబ్రిడ్లు (రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ సైకిల్‌కీ మధ్యరకం), గేర్లు లేని సైకిళ్లు కలిసిన గ్రూపు అయితే ఆగడాలన్నీ కలుపుకుని గంటకు 15 కి.మీ. అనుకోండి. రైడ్ నమోదు చేసే స్ట్రావా యాప్‌లో 22 కనబడితే అది కదులుతున్నప్పటి వేగం, చాయ్‌కి ఆగిన టైమ్ అందులో ఉండదు.

పడమటి హైదరాబాద్ వాళ్లకి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ వచ్చాక పని సులువైంది. 2023 అక్టోబర్‌లో తెరిచినప్పుడు ఈ 23 కి.మీ. ట్రాక్ రెండు ముక్కలు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. రాత్రి లైట్లుంటాయి. నార్సింగిలో ఎక్కి, కొల్లూరు దగ్గర దిగి, వెలిమల వైపు పల్లె రోడ్లలో ఆరేడు కి.మీ. లోపలికెళ్లి అదే దారిన వెనక్కొస్తే మొత్తం 42 కి.మీ. దాకా వస్తుంది. చివరి 14.5 లైట్ల కింద, ట్రాఫిక్ లేకుండా. పల్లె ముక్కని పొద్దు గూకే టైముకి సరిపెట్టుకోవడమే మన పని. జూన్‌లో 5:15కి బయల్దేరితే 6:05కి కొల్లూరు, 6:40కి తిరిగే చోటు, 7:10కల్లా మళ్లీ ట్రాక్ మీద. చాయ్ తిరిగే చోట పెట్టకండి. చాయ్, బిస్కెట్లు, ఫొటోలు కలిపి అరగంట మింగేస్తాయి, అదీ సరిగ్గా వెలుతురున్న అరగంట. కొల్లూరుకు తిరిగొచ్చాక తాగండి, ఎంతసేపు కావాలంటే అంతసేపు. నవంబర్, డిసెంబర్‌లో పని రోజుల్లో పల్లె ముక్క మానేసి ట్రాక్‌తో సరిపెట్టుకోవాలి. శనివారమైతే నాలుగింటికే కదలాలి.

చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కోసం చాలామంది సాయంత్రం అటు వెళ్దామంటారు. చెట్లు అందమైనవే, కాదనేం లేదు. కానీ ఆ నీడలో చీకటి ముందే పడుతుంది, బస్సులూ టిప్పర్లూ ఆగవు. అది ఆదివారం పొద్దున రూటు.

ఎండ వైపు నుంచి ఇంకో చిక్కుంది. శంకరపల్లి రోడ్డయినా చేవెళ్ల రోడ్డయినా వెళ్లేటప్పుడు పడమటికే. చివరి గంటలో సూర్యుడు మన కళ్లలో కొడతాడు, అది మనకి తెలుస్తుంది. మన వెనక వచ్చే కారు డ్రైవర్‌కీ కళ్లలోనే కొడుతున్నాడన్నది మాత్రం తట్టదు. ఆ వెలుగులో సైకిల్ అతనికి ఆనదు. అందుకే వెనక ఎర్ర లైటు చీకటి పడ్డాక కాదు, బయల్దేరేటప్పుడే వేయాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి కూడా ఎదురొస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే వెనక నుంచి తోస్తుంది కాబట్టి దానికి భయపడక్కర్లేదు.

లైట్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. వీధి దీపాలున్న చోట ముందు లైటు 200 ల్యూమెన్లు చాలు, పల్లె రోడ్డుకి కనీసం 400 ఉండాలి. డబ్బా మీద రాసిన గంటలు చాలాసార్లు తక్కువ వెలుగుకి లెక్క. ఇంట్లో ఫుల్ ఛార్జ్ చేసి, ఎక్కువ వెలుగు మీద వదిలి ఎంతసేపు వెలుగుతుందో ఒకసారి చూసుకోండి. గంటన్నర కూడా రాకపోతే దాన్ని నమ్ముకుని పల్లె రోడ్డెక్కొద్దు. వెలుగు ముద్ద చక్రానికి ఏడెనిమిది మీటర్ల ముందు పడేలా వంచాలి. పైకి ఉంటే ఎదురొచ్చే బైకు మనిషి కళ్లు చెదురుతాయి, అతను మన మీదికే వస్తాడు. గతుకుల్లో లైటు కిందికి జారిపోతుంటే పాత ట్యూబు ముక్క కోసి క్లాంపుకీ హ్యాండిల్‌కీ మధ్య పెట్టి బిగించండి, ఇక కదలదు. వెనక లైటు సీటు కింది సంచికి తగిలిస్తే వంగిపోయి రోడ్డుకి వెలుగు చూపిస్తుంది, సీటుని మోసే గొట్టానికి (సీట్‌పోస్ట్) బిగించాలి. గ్రూపులో అందరి వెనక లైట్లూ నిలకడగా వెలగాలి, మినుకుమనేది చివరివాడిది ఒక్కటే. లేకపోతే వెనక తొక్కేవాడికి తలనొప్పి ఖాయం. వానలు మొదలైన రోజుల్లో ఉసిళ్లు లైటుకి ఎగబడతాయి. నల్ల కళ్లజోడు తీసేసి తెల్ల అద్దాలది పెట్టుకోండి, నోరు మూసుకోండి.

పది మందికి మించితే గ్రూపుని రెండుగా విడగొట్టండి. ముందు లీడర్, చివర స్వీప్. స్వీప్ ఎవర్నీ దాటకూడదు, పంపూ పనిముట్లూ అతని దగ్గరే ఉండాలి. మలుపు దగ్గర అందరూ వచ్చేదాకా ఆగి తలలు లెక్కపెట్టాకే కదలాలి. పగలు చేత్తో చూపించే సైగలన్నీ చీకట్లో పనికిరావు. ఆ సంగతి బయల్దేరే ముందే చెప్పి, నోటితో అరవడం అలవాటు చేయాలి: "గుంత, ఎడమ!", "వెనక బండి!", "ఆగుతున్నాం!" చివరి మాట బ్రేకు వేశాక కాదు, వేయకముందు.

పల్లె రోడ్డు మీద ఎదురయ్యేవాటిలో మొదటిది వడ్లు. అక్టోబర్, నవంబర్‌లోనూ మళ్లీ ఏప్రిల్, మేలోనూ కోతలయ్యాక సగం రోడ్డు మీద ఆరబోస్తారు. అంచున వరసగా రాళ్లు పెడతారు, రాత్రికి కుప్ప చేసి టార్పాలిన్ కప్పుతారు. అవి చీకట్లో పది మీటర్ల దాకా కనబడవు. వడ్ల మీదికి చక్రం ఎక్కిందా, బ్రేకు నొక్కితే చాలు జారుతుంది. పైగా అది ఒక రైతు ఆరు నెలల కష్టం, తొక్కకూడదు. దిగి నడిపించుకు వెళ్లండి. గడ్డి పరకలు వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) పుల్లీలకి చుట్టుకున్నా అలాగే తొక్కితే దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరగొచ్చు. చేత్తో లాగి తీశాకే పెడల్ తిప్పాలి. ఆ తర్వాత వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, ఇంటిదారి పట్టిన బర్రెలు. కుక్కలు వెంటపడితే వేగం పెంచొద్దు. ముందువాళ్లు తప్పించుకుంటారు, దొరికేది చివరివాడు. అందరూ నెమ్మదించి, అవసరమైతే దిగి సైకిల్ని అడ్డం పెట్టుకుని నడిస్తే చాలావరకు అవే వదిలేస్తాయి.

పంక్చర్లకి పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు కారణం. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ కొట్టిన చోట రోడ్డు దిగకండి. చీకట్లో సొల్యూషన్, ప్యాచ్ పెట్టుకోవద్దు. కొత్త ట్యూబ్ వేసి, పాతది ఇంటికెళ్లి అతికించుకోండి. కానీ కొత్తది వేసే ముందు ముల్లు దొరకాలి. టైరు మీద బ్రాండ్ పేరు ఎప్పుడూ వాల్వ్ దగ్గరికి వచ్చేలా ఎక్కించి ఉంటే, ట్యూబ్‌లో రంధ్రం వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో టైరులో ముల్లూ అక్కడే ఉంటుంది. లోపల వేలు పెట్టి తడమకండి, పలచటి గుడ్డ తిప్పితే ముల్లున్న చోట తట్టుకుంటుంది. ఇది చేయకపోవడం వల్లే కొత్త ట్యూబ్ కూడా వంద మీటర్లకే పోతుంది. పాము కాటులా పక్కపక్కన రెండు రంధ్రాలుంటే ముల్లు వెతకక్కర్లేదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కేసింది. 700×32 టైరుకి (32 అంటే మి.మీ.లో వెడల్పు) గాలి ఒత్తిడి 55 నుంచి 65 పీఎస్ఐ, 28కి 70 నుంచి 80 పెట్టుకుని బయల్దేరండి, బరువున్నవాళ్లు పై అంకె వైపు. కొత్త ట్యూబ్‌లో కొంచెం గాలి కొట్టి గుండ్రంగా వచ్చాక దూర్చాలి. టైరు చివరి జానెడు బిగుస్తుంది. అప్పుడు టైరు లివర్ (టైరు ఊడదీసే పుల్ల) వాడితే ట్యూబ్ నలిగి చిరుగుతుంది. అవతలి వైపు అంచుని రిమ్ము మధ్య పల్లంలోకి నొక్కుకుంటూ వస్తే వదులు దొరుకుతుంది, బొటనవేళ్లతోనే ఎక్కుతుంది.

సన్న వాల్వ్, అదే ప్రెస్టా ఉన్నవాళ్లు ఇత్తడి అడాప్టర్ ఒకటి సంచిలో వేసుకోండి. అది లేకపోతే ఊళ్లోని పంక్చర్ షాపు కంప్రెసర్ మీకు పనికిరాదు. గాలి పట్టేటప్పుడు చిన్న చిన్న దఫాలుగా పట్టమనండి, లారీ టైర్లకి అలవాటైన చెయ్యి ఒక్క నొక్కుకి ట్యూబ్ పేల్చగలదు.

ఏప్రిల్, మేలో సాయంత్రం ఉరుముల వాన ఎప్పుడైనా పడొచ్చు. ఉరుము వినబడిందంటే వెనక్కి తిరగడమే, చెట్టు కింద ఆగకూడదు. ఆ నెలల్లో ఐదింటికి కూడా తారు సెగ కక్కుతుంటుంది కాబట్టి మనిషికి రెండు సీసాల నీళ్లు, ఒకదాంట్లో ఓఆర్ఎస్.

నార్సింగిలో విడిపోయాక కొందరు మెహిదీపట్నం వైపో, మియాపూర్ వైపో ఇంకో పది కి.మీ. సిటీ ట్రాఫిక్‌లో ఒంటరిగా తొక్కాలి. వాళ్ల లైట్ల ఛార్జ్ లెక్కలో ఆ దూరం కూడా కలపాలి. ఎవరి లైటు మందగించిందో స్వీప్ అక్కడే అడిగి తెలుసుకుని, స్పేర్ లైటు వాళ్లకిచ్చి పంపాలి. ఇల్లు చేరినట్టు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టనివాళ్లకి అరగంట చూసి ఫోన్ చేసే పని కూడా స్వీప్‌దే.