బాణం వెనక్కి తిప్పితే

రేడియోకీ యాంటెన్నాకీ మధ్య కేబుల్లో వాట్‌మీటర్ పెట్టా, పవర్ ఎటు ఎంత పోతోందో చూద్దామని. దాంట్లో దూర్చి తిప్పే ముక్క, ఎలిమెంట్‌ని వేళ్లతో పట్టుకుని దాని మీది బాణం రేడియో వైపుకి తిప్పా. ముల్లు 10 దగ్గర ఆగింది. 10 వాట్లు వెనక్కి!

యాంటెన్నా వైపు పెడితే 40 చూపించింది. అంటే పంపిన దాంట్లో నాలుగో వంతు తిరుగు టపాలో వచ్చేస్తోంది. పవర్ ఎంత వెనక్కి తన్నుతోందో చెప్పే లెక్క, ఎస్‌డబ్ల్యూఆర్, 3. పొద్దున్నుంచి రిపీటర్ (మన సిగ్నల్ అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్) పలకట్లేదని రేడియోని తిట్టుకుంటున్నా, పాపం.

డాబా ఎక్కి కనెక్టర్ విప్పితే లోపల్నుంచి నీళ్లు కారాయి. దానికి టేపు చుట్టింది ఎవరయ్యా అంటే నేనే. వానలు మొదలయ్యే రోజు, హడావిడిగా.

ఈ బర్డ్ 43 వాట్‌మీటర్ వయసులో నాకంటే పెద్దది. బ్యాటరీ లేదు, కరెంటు వైరు లేదు. కేబుల్లో పోయే సిగ్నల్‌లోంచే చిటికెడు తీసుకుని, ఎలిమెంట్‌లో ఉన్న డయోడ్ సాయంతో ముల్లుని కదుపుతుంది. నా దగ్గరున్నది 100 నుంచి 250 మెగాహెర్ట్జ్‌ల ఎలిమెంట్, 50 వాట్లది. దాని మీద బాణం గుర్తు సగం అరిగిపోయింది. నాకు ముందు ఎన్ని వేళ్లు తిప్పాయో!

కొత్త కనెక్టర్ వేసి మళ్లీ బాణం వెనక్కి తిప్పా. ముల్లు సున్నా మీద నుంచి లేస్తే ఒట్టు.

రేడియోకి సారీ చెప్పా. పైకే చెప్పినట్టున్నా, మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది.