కడవెండి వెళ్లొచ్చాక
నిన్న నల్లగొండ నుంచి కడవెండి వెళ్లొచ్చినప్పటి నుంచి మనసు మనసులో లేదు. నిజాం రోజుల్లో దొరల మీద సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో, 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకీకి బలైన ఊరది. వెట్టి, భూములు గుంజుకోవడం మనందరికీ తెలిసినవే. నన్ను కుదిపేసింది మాత్రం అప్పటి రాజకీయం. మీటింగ్ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు కింద పర్మిషన్ కావాలి. సర్కారు కచేరీలో, అంటే ఆఫీసులో, అంతా ఉర్దూ, రైతుకేమో తెలుగే వచ్చు. నిజాం ఇనాముగా ఇచ్చిన జాగీరు ఊళ్లలో జాగీర్దారుదే పెత్తనం. ఊరి అధికారులైన పటేల్, పట్వారీ చాలాచోట్ల దొర మనుషులే. ఇక అర్జీ ఎవరికి పెట్టుకోవాలి? అందుకే జనం 'సంఘం' అని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ వైపు నడిచారు. ఆ పోరాటం ఉత్త కోపంతో చేసిన తిరుగుబాటు అంటే నేను ఒప్పుకోను, అడిగే దారులన్నీ మూసేసింది రాజ్యమే. 1947 జూన్‌లో ఇండియాలో కలవనని నిజాం ఫర్మానా ఇచ్చినప్పుడూ జనాన్ని ఒక్క మాట అడగలేదు.