మూడు వేళ్ల బ్రౌన్: చెయ్యి చెప్పని సగం కథ

అమెరికా బేస్‌బాల్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) మొర్డికై బ్రౌన్ గురించి రాసేవారందరూ ఆయన కుడిచేతితోనే మొదలుపెడతారు. 1876లో ఇండియానా రాష్ట్రంలోని నైస్‌విల్‌లో పుట్టిన ఆయన చిన్నతనంలో పశువుల మేత కత్తిరించే యంత్రంలో చెయ్యి పడి చూపుడువేలు చాలావరకు పోగొట్టుకున్నారు. ఆ తరువాత కిందపడడంతో విరిగిన మధ్యవేలు వంకరగానే అతుక్కుంది. ఆ వేళ్ల మీదుగా జారిన బంతి బ్యాటర్‌ను చేరేలోపు చటుక్కున కిందికి దిగేది. ప్రమాదమే వరమైందని అందరూ కథ ముగిస్తారు గానీ, అది సగం నిజమేనని నా అభిప్రాయం.

బొగ్గుగనుల్లో పనిచేసి వచ్చిన బ్రౌన్, 1903లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరఫున 9 ఆటలు గెలిచి 13 ఓడిపోయారు. చెయ్యి అప్పుడూ అదే, కాని జట్టు మాత్రం పట్టికలో అట్టడుగుది. బంతిని నేలబారుగా కొట్టించే పిచర్‌కు, దాన్ని అందుకుని మెరుపువేగంతో బేస్‌కు (పరుగెత్తేవారు తాకాల్సిన గుర్తుకు) చేర్చే ఫీల్డర్లు ఉండాలి. మరుసటి సంవత్సరం నుంచి షికాగో కబ్స్‌లో ఆయన వెనుక అలాంటి ఫీల్డర్లు టింకర్, ఎవర్స్, చాన్స్ నిలబడ్డారు. 1906లో ఆ జట్టు 116 ఆటలు గెలిస్తే, అందులో 26 బ్రౌన్‌వి; ఆ ఏడాది ఆయన ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఆయన ఖాతాలో పడిన పరుగులు, 1.04 మాత్రమే. మెత్తబడి మాసిపోయిన బంతినే మార్చకుండా వాడే కాలం కనుక పరుగులు సహజంగానే తక్కువ. అయినా అది అబ్బురపరిచే అంకే.

నా దృష్టిలో ఆయన అసలు గొప్పతనం 1908 అక్టోబరు 8న కనిపించింది. సెప్టెంబరులో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు మెర్కిల్ రెండో బేస్‌ను తాకకుండా వెనుదిరగడంతో వివాదమై టైగా ముగిసిన ఆటకు బదులుగా, న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో జెయింట్స్‌తో ఆ రోజు లీగ్ విజేతను తేల్చే నిర్ణాయక పోరు జరిగింది. కబ్స్ పిచర్ ఫీస్టర్ మొదటి ఇన్నింగ్స్‌లోనే తడబడగా, బ్రౌన్ మధ్యలో దిగి చివరివరకు విసిరి, జెయింట్స్ పిచర్ క్రిస్టీ మాథ్యూసన్‌పై 4-2తో గెలిపించారు. తరువాత డెట్రాయిట్‌పై వరల్డ్ సిరీస్ (ఆ ఏటి చాంపియన్‌ను తేల్చే ఆఖరి పోరు) కూడా కబ్స్‌దే అయింది. జట్టు ఇబ్బందుల్లో పడినప్పుడల్లా, తన వంతు కాని రోజున కూడా, ఇలా దిగడం ఆయనకు అలవాటే.

1916 సెప్టెంబరు 4న షికాగోలో బ్రౌన్, మాథ్యూసన్ చివరిసారి తలపడ్డారు. అప్పటికి సిన్సినాటికి మారిన మాథ్యూసన్ 10-8తో గెలిచారు. ఇద్దరూ ఆ తరువాత పెద్ద లీగ్‌లో మళ్లీ ఆడలేదు. 239 విజయాలు సాధించిన బ్రౌన్‌కు బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 1949లో, మరణించిన మరుసటి ఏడాది, దక్కింది.