పడ్డవన్నీ చచ్చినవి కావు

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఈగలు పట్టడానికి అనపర్తి దగ్గర ఒక లేయర్ కోళ్ల ఫారానికి వెళ్లాను. "సైపర్‌మెత్రిన్ కొట్టగానే టపటపా రాలతాయండి. తెల్లారేసరికి మళ్లీ మామూలే" అన్నారు యజమాని. మందు నకిలీదేమో అనుకున్నాను.

పట్టినవాటిని వెంటనే పరీక్షించకూడదు, వాటి వయసు తెలియదు కదా. గోధుమ పొట్టు, పాలపొడి, ఈస్టు నీళ్లతో కలిపి అందులో గుడ్లు పెట్టించాను. పది రోజుల్లో కొత్త తరం వచ్చింది. హాస్టల్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు, ఆ కంపు అలాంటిది!

పరీక్షకు ఆడ ఈగలే కావాలి. కాసేపు ఫ్రిజ్‌లో పెడితే మత్తుగా పడుంటాయి. అప్పుడు లెన్స్‌తో మొహం చూడాలి: మగదానికి కళ్లు దాదాపు ఆనుకుని ఉంటాయి, ఆడదానికి మధ్యలో ఎడం ఎక్కువ. ఎసిటోన్‌లో కలిపిన మందును గాజు సీసాలో పోసి, ఆరేదాకా దొర్లించి, సీసాకు 25 ఈగలు వదిలాను. మొదటిసారి పోలిక కోసం మందు లేకుండా ఉత్త ఎసిటోన్ పోసిన సీసాలో కూడా సగం చచ్చాయి. ఎసిటోన్ సరిగ్గా ఆరనివ్వలేదు, తప్పు నాదే. ఆ సీసాలో చావులు 20 శాతం దాటితే మొత్తం పరీక్ష పారేయాల్సిందే. పది రోజుల పని గంగపాలు.

రెండోసారి గంటలో అన్నీ వెల్లకిలా పడి, రెక్కలతో గిరగిరా తిరిగి ఆగిపోయాయి. సంబరంగా "100 శాతం" అని రాసుకున్నాను. మా గైడ్ మేడమ్ చూసి, "పెన్సిల్‌తోనే రాశావుగా? పంచదార నీళ్ల దూది పెట్టి రేపు రా" అన్నారు.

మర్నాటికి పద్నాలుగు లేచి దూది మీద కూర్చుని కాళ్లు రుద్దుకుంటున్నాయి. తరతరాలుగా మందు తగలకుండా ల్యాబ్‌లో పెంచిన ఈగలు అదే మోతాదుకు ఒక్కటీ లేవలేదు. అంటే మందు మంచిదే. మందును విరిచేసే ఎంజైములను అడ్డుకునే పిపరోనిల్ బ్యూటాక్సైడ్ ముందుగా ఇచ్చి చూస్తే, ఫారం ఈగల్లో మూడే లేచాయి. ఎక్కువగా ఆ ఎంజైముల బలంతోనే తేరుకుంటున్నాయన్నమాట.

ఫలితం చెప్పడానికి మళ్లీ వెళ్లాను. "అయితే ఏం కొట్టమంటారండి?" అన్నారాయన. కోళ్లకు నీళ్లిచ్చే నిపుల్ లైను కారి బోనుల కింద పెంట జావలా ఉంది, అందులో ఈగల పిల్లలైన తెల్ల పురుగులు కుతకుతలాడుతున్నాయి. ముందు ఆ లీకు ఆపించమన్నాను.

"మందు చీటీ రాస్తారనుకుంటే ప్లంబర్ని పిలవమంటారేంటండీ!"