ముఖంలో నొప్పి పోయాక మిగిలే ఆరు వారాలు

ట్రైజెమినల్ న్యూరాల్జియాకి, అంటే ముఖానికి స్పర్శనిచ్చే నరంలో పుట్టే తీవ్రమైన నొప్పికి, ఆపరేషన్ చేయించుకున్న చాలామందికి మత్తు దిగేసరికే ఆ షాక్ కొట్టే నొప్పి పోయి ఉంటుంది. ఏళ్ల తరబడి పళ్లు తోముకోవాలన్నా, మొహం కడుక్కోవాలన్నా వణికిపోయిన మనిషి భయంభయంగా చెంప మీద వేలు పెట్టి చూసుకుంటారు. ఏమీ కాదు. మళ్లీ చూసుకుంటారు. సరిగ్గా ఆ సంతోషంలోనే పొరపాట్లు జరుగుతాయి. మాత్రలు ఆ పూటే మానేస్తారు, వారం తిరక్కుండా బరువులెత్తుతారు, ముక్కులోంచి కారే నీటిని జలుబనుకుంటారు. నొప్పి పోవడం వేరు, ఆపరేషన్ నుంచి కోలుకోవడం వేరు. మొదటిది గంటల్లో జరగొచ్చు. రెండోదానికి ఆరు వారాలు కావాలి. డిశ్చార్జి కాగితంలో ఆ ఆరు వారాల గురించి నాలుగు ముక్కలకి మించి చాలాసార్లు ఉండదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. ముఖానికి స్పర్శ తెలియజేసేది ట్రైజెమినల్ అనే అయిదో కపాల నరం. అది మెదడు కాండం నుంచి బయల్దేరి మూడు కొమ్మలవుతుంది. ఒకటి నుదురుకీ కంటికీ, రెండోది చెంపకీ పై దవడకీ, మూడోది కింది దవడకీ పోతుంది. నరం మెదడు కాండాన్ని అంటుకున్న చోట దాని మీది మైలిన్ తొడుగు ఒక రకం నుంచి ఇంకో రకానికి మారుతుంది, అక్కడ అది సున్నితంగా ఉంటుంది. ఏదైనా రక్తనాళం, ఎక్కువగా చిన్నమెదడు పైభాగానికి వెళ్లే ధమని, ఆ చోటే ఆనుకుని గుండె కొట్టుకున్నప్పుడల్లా నరాన్ని తడుతూ ఉంటే తొడుగు అరిగిపోతుంది. తొడుగు ఊడిన కరెంటు తీగలు పక్కపక్కన ఉంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది: స్పర్శను మోసే పోగు నుంచి నొప్పిని మోసే పోగులోకి సంకేతం దూకేస్తుంది. గాలి తగిలినా, మాట్లాడినా, నమిలినా కత్తితో పొడిచినట్టు ఉండేది ఇందుకే. ఒక్కో పోటు క్షణకాలం నుంచి రెండు నిమిషాల వరకు ఉంటుంది, దాదాపు ఎప్పుడూ ఒకవైపే వస్తుంది.

నొప్పి దవడలో పుడుతుంది కాబట్టి ముందు పళ్ల డాక్టరు దగ్గరికే వెళ్తారు. రూట్ కెనాల్ అవుతుంది, నొప్పి తగ్గదు. పన్ను పీకుతారు, తగ్గదు. పక్క పన్ను మీద అనుమానం పడుతుంది. ఎక్స్‌రేలో పన్ను బాగానే ఉండి, నొప్పి క్షణాల్లో వచ్చి క్షణాల్లో పోతూ, చెంప మీద ఫలానా చోటు ముట్టుకుంటే రేగుతోందంటే ఇంకో పన్ను పీకించుకునేముందు న్యూరాలజిస్టుని కలవాలి. పోయిన పళ్లు తిరిగి రావు.

మొదటి మందు కార్బమజెపిన్. సాధారణంగా 100 లేక 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి రోజుకి 1200 వరకు పెంచుతారు. ఆసియా మూలాలున్నవారికి మొదలుపెట్టేముందు హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యుపరీక్ష చేయించడం మంచిది. ఆ జన్యువు ఉన్నవారికి ఈ మందుతో ఒళ్లంతా చర్మం ఊడిపోయే ప్రమాదకరమైన రియాక్షన్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. మందు మొదలయ్యాక ఒంటి మీద దద్దుర్లో, నోట్లో పుళ్లో కనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. రక్తంలో సోడియం పడిపోవడం ఇంకో సమస్య, దీని బదులు వాడే ఆక్స్‌కార్బజెపిన్‌తో ఇది ఇంకా ఎక్కువ. తల తిరగడం, తూలడం, మాట తడబడటం, మతిమరుపు వయసు వల్ల అనుకుంటారు. సోడియం పరీక్ష చేస్తే అసలు సంగతి బయటపడుతుంది. మందు పనిచేయడం మానినప్పుడు, లేదా పనిచేసే డోసులో మనిషి మత్తుగా పడి ఉంటున్నప్పుడు ఆపరేషన్ మాట వస్తుంది. అన్ని మందులూ అయిపోయేదాకా ఆగాలన్న నియమం లేదు. ఆరోగ్యం బాగుండి, స్కాన్‌లో రక్తనాళం స్పష్టంగా ఒత్తుతూ కనిపిస్తుంటే ఏళ్లకేళ్లు వాయిదా వేయడంలో లాభం కనపడదు.

స్కాన్ అంటే మామూలు బ్రెయిన్ ఎంఆర్ఐ సరిపోదు. నరాన్నీ నాళాన్నీ విడివిడిగా చూపించే పల్చటి ముక్కల సీక్వెన్సులు ఉంటాయి. కొన్ని మెషిన్లలో సిస్ అనీ, కొన్నింట్లో ఫియెస్టా అనీ పేరు. వాటితోపాటు రక్తనాళాల స్కాన్ కూడా తీయాలి. నరం మీద గడ్డ ఉందా, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడులో, వెన్నుపాములో నరాల తొడుగుల్ని దెబ్బతీసే జబ్బు) మచ్చలున్నాయా అన్నదీ అందులోనే తేలుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ వల్ల వచ్చిన నొప్పికి ఈ ఆపరేషన్ అంత బాగా పనిచేయదు. పోట్ల మధ్య కూడా రోజంతా మంటగా, సలుపుగా ఉండే నొప్పికీ ఫలితం తక్కువే. పోట్ల మధ్య కూడా నొప్పి ఉంటుందా అని సర్జన్ అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఆపరేషన్ పేరు మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్. నాళం నరాన్ని ఒత్తుతుందన్న సంగతి 1930ల్లోనే అమెరికన్ న్యూరోసర్జన్ వాల్టర్ డాండీ గమనించారు. మైక్రోస్కోపు కింద నాళాన్ని పక్కకి జరిపే పద్ధతిని 1960ల చివర్లో మొదలుపెట్టి స్థిరపరిచింది ఇంకో అమెరికన్ న్యూరోసర్జన్ పీటర్ జనెట్టా. ముందురోజుల్లో చేయాల్సింది కొంత ఉంది. రక్తం పల్చబరిచే మందులు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. వినికిడి పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోవాలి, తరవాత చెవిలో తేడా వస్తే పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం. నొప్పికి భయపడి తిండీ నీళ్లూ తగ్గించేసినవాళ్లు నీరసంగా ఆపరేషన్‌కి వస్తుంటారు. స్ట్రాతో తాగే ద్రవాలైనా సరే, ఆ వారం ఒంట్లోకి వెళ్లాలి. కార్బమజెపిన్ ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమనే సాధారణంగా చెబుతారు. ఆ సంగతి మత్తు డాక్టరుకి తెలియాలి: ఈ మందు చాలాకాలంగా వాడుతున్నవాళ్లలో కండరాలు సడలించే కొన్ని ఇంజెక్షన్ల ప్రభావం తొందరగా దిగిపోతుంది.

థియేటర్‌లో తలని మూడు పిన్నుల క్లాంపులో కదలకుండా బిగిస్తారు. లేచాక నుదుటి దగ్గరో కణత పైనో కనిపించే చిన్న గాట్లు వీటివే. చెవి వెనక కొంచెం మేర జుట్టు తీసి, అయిదారు సెంటీమీటర్ల కోత పెట్టి, ఎముకలో ఇంచుమించు మూడు సెంటీమీటర్ల రంధ్రం చేస్తారు. చెవి వెనక ఎముకలో తేనెపట్టు లాంటి గాలి గదులుంటాయి. అవి తెరుచుకుంటే మైనంతో మూసేస్తారు. ఈ మైనం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. మెదడు మీది దళసరి పొర కోసి, మెదడు చుట్టూ ఉండే వెన్నుద్రవం కాస్త వదిలితే చిన్నమెదడు తనంతట తనే కిందికి జారి దారి ఇస్తుంది. లోపల, మైక్రోస్కోపు వెలుగులో, నరం తెల్లటి పట్టీలా ఉంటుంది. దాని భుజం మీద ఎర్రటి ధమని ఉచ్చులా వంగి కూర్చుని, ప్రతి గుండె చప్పుడుకీ నరాన్ని కొంచెం కొంచెం తోస్తూ ఉంటుంది. ధమనిని మెల్లగా లేవదీస్తే చాలాకాలంగా ఒత్తుడు పడ్డచోట నరం మీద పల్లం పడి, రంగు మారి కనిపిస్తుంది. టెఫ్లాన్ పీచుని దూదిలా విడదీసి, చిన్న ఉండలు చేసి, నాళానికీ నరానికీ మధ్య పెడతారు. నరాన్ని తాకినప్పుడు ఒక్కోసారి గుండె వేగం ఉన్నట్టుండి పడిపోతుంది. చెయ్యి తీస్తే మళ్లీ మామూలవుతుంది. చెవి నరం పక్కనే కాబట్టి ఆపరేషన్ సాగినంతసేపూ చెవిలో టిక్కుటిక్కు శబ్దాలు పెట్టి మెదడు స్పందన కొలుస్తారు. తరవాత పొరని నీరు కారకుండా కుట్టి, రంధ్రాన్ని టైటానియం ప్లేటుతోనో ఎముక సిమెంటుతోనో మూస్తారు. ఇదంతా రెండు నుంచి నాలుగు గంటలు. టైటానియం, టెఫ్లాన్ ఉన్నా ముందుముందు ఎంఆర్ఐ తీయించుకోవచ్చు.

మొదటి రాత్రి ఐసీయూలో గడుస్తుంది. తలనొప్పి, మెడ పట్టేయడం, తల తిప్పితే కడుపులో తిప్పడం, వాంతులు ఇవన్నీ ఆ ఒకటి రెండు రోజుల్లో మామూలే. వెన్నుద్రవం పోయినచోట గాలి చేరడం తలనొప్పికి ఒక కారణం, అది కొద్దిరోజుల్లో ఇంకిపోతుంది. వాంతి వస్తున్నట్టుంటే బిగబట్టకుండా వెంటనే నర్సుకి చెప్పాలి, ఇంజెక్షన్‌తో ఆగుతుంది. ఆపరేషన్ జరిగిన వైపు చెవిలో నీళ్లు నిండినట్టు, శబ్దాలు బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. చాలావరకు మధ్యచెవిలో చేరిన ద్రవం వల్లే. కొన్ని వారాల్లో పోతుంది. ఉన్నట్టుండి పూర్తిగా వినపడకపోతే మాత్రం ఆ రోజే చెప్పాలి.

కొందరికి మొదటి రోజుల్లో పాత నొప్పి ఒకటి రెండుసార్లు తళుక్కుమంటుంది. ఆపరేషన్ ఫెయిలయిందని కుంగిపోతారు. దెబ్బతిన్న తొడుగు సర్దుకోవడానికి కొన్ని రోజులు, కొందరిలో కొన్ని వారాలు పడుతుంది. అందుకే మాత్రల్ని ఒక్కసారిగా ఆపకూడదు. ఒంటికి అలవాటైన కార్బమజెపిన్‌ని హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. నొప్పి లేకపోతే సర్జనో న్యూరాలజిస్టో వేసిన లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గిస్తూ రెండు నుంచి నాలుగు వారాల్లో మానేయడం సాధారణ పద్ధతి. ఈ లెక్క నోటిమాటగా కాకుండా తేదీలతో కాగితం మీద రాయించుకోండి. కార్బమజెపిన్ మిగతా మందుల్ని ఒంట్లోంచి త్వరగా పంపేస్తుంది. అది ఆగాక రక్తం పల్చబరిచే వార్ఫరిన్ లాంటి వాటి ప్రభావం పెరుగుతుంది, వాటి డోసు కూడా చూసుకోవాలి.

ఇప్పుడు ఆ మైనం. గాలి గదుల్లో ఒక్కటి సరిగ్గా మూసుకోకపోయినా వెన్నుద్రవం అందులోంచి మధ్యచెవిలోకి, అక్కణ్నుంచి గొంతుకి వెళ్లే గొట్టం గుండా ముక్కులోకి దిగుతుంది. కోత చెవి వెనక ఉంటే నీరు ముక్కులోంచి కారుతుందని ఎవరూ ఊహించరు, అందుకే ఇంట్లో రోజుల తరబడి జలుబు మందులు వేసుకుంటూ ఉండిపోతారు. మంచం అంచున కూర్చుని తల ముందుకి వంచినప్పుడు ఒక ముక్కురంధ్రంలోంచి నీళ్లలాంటి చుక్కలు టపటపా పడుతుంటే, గొంతులో ఉప్పగా తగులుతుంటే, లేచి కూర్చుంటే తలనొప్పి పెరిగి పడుకుంటే తగ్గుతుంటే అది జలుబు కాదు. జలుబు చీమిడి ఆరాక రుమాలు బిరుసెక్కుతుంది, ఈ ద్రవం ఆరితే బట్ట మెత్తగానే ఉంటుంది. నిర్ధారణకి, కారిన నీటిలో బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్‌ని వెతికే పరీక్ష ఉంది. తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టడం, నడుములో సన్నటి గొట్టంతో కొన్నిరోజులు ద్రవాన్ని బయటికి తీయడం, అప్పటికీ ఆగకపోతే మళ్లీ తెరిచి మూయడం దీనికి చికిత్సలు. వదిలేస్తే మెనింజైటిస్, అంటే మెదడు పొరలకి ఇన్ఫెక్షన్. జ్వరం, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, కుట్ల దగ్గర ఉబ్బు పెరగడం, నీరు కారడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జాగ్రత్తలన్నీ కూడా మెదడు మీద కోసి కుట్టిన ఆ ఒక్క పొర చుట్టూనే తిరుగుతాయి: ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, మలవిసర్జనకి ముక్కకుండా మెత్తబరిచే మందు వాడాలి, నాలుగైదు కిలోలకి మించి ఆరు వారాలు ఎత్తకూడదు. నేల మీది వస్తువు కావాలంటే నడుము వంచకుండా మోకాళ్లు వంచి తీసుకోవాలి.

కొందరికి చెంపో పెదవో మొద్దుబారుతుంది. నములుతున్నప్పుడు చెంప కొరుక్కోవడం, వేడి తెలియక నోరు కాలడం జరుగుతాయి కనుక అవతలి వైపు నమలాలి, వేడిని అటువైపు పెదవితో చూసుకోవాలి. కంటి మీద స్పర్శ తగ్గితే ఇంకా జాగ్రత్త, దుమ్ము పడ్డా తెలియదు. కన్ను ఎర్రబడితే నొప్పి లేకపోయినా చూపించుకోవాలి. మూడు నాలుగు రోజులకి పెదవి మీద నీటి పొక్కులు లేస్తే కంగారు వద్దు, ఆ నరంలో నిద్రపోతున్న హెర్పిస్ వైరస్ కదలిక అది. తొందరగా చెబితే ఎసైక్లోవిర్‌తో అణుగుతుంది. ఒక వస్తువు రెండుగా కనిపించడం ఉంటే చెప్పాలి, అదీ ఎక్కువమందిలో తాత్కాలికమే. చెవి వెనక తోలు మొద్దుగా ఉండటం నెలలపాటు ఉంటుంది, అది కోతలో తెగిన చిన్న నరాల వల్ల.

కుట్లు ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో తీస్తారు. నడక రెండో రోజు నుంచే మొదలుపెట్టాలి, పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. తల తిరగడం పూర్తిగా పోయి, మత్తు కలిగించే మాత్రలు ఆగాకే బండి నడపాలి. విమానం మాత్రం సర్జన్ సరేనన్నాకే. కూర్చుని చేసే పనికి నాలుగు నుంచి ఆరు వారాల్లో తిరిగి వెళ్లొచ్చు, కానీ మూడో వారంలో మధ్యాహ్నానికే ఒళ్లు తూలిపోయేంత అలసట వస్తుందని ముందే తెలిసి ఉండాలి. బయటికి బాగానే కనిపిస్తున్న మనిషిని ఇంట్లోవాళ్లు ఆ వారంలోనే తొందరపెడతారు.

గంటలకొద్దీ మత్తు, తల తెరవడం తట్టుకోలేనివారికి బెలూన్‌తో నరాన్ని నొక్కడం, వేడితో కాల్చడం, గామా నైఫ్ అనే రేడియేషన్ చికిత్స ఉన్నాయి. అవన్నీ నరాన్ని కొంత దెబ్బతీసి నొప్పి ఆపేవే, మొద్దుబారడం ఎక్కువ. గామా నైఫ్ ఫలితానికి వారాలో నెలలో ఎదురుచూడాలి. డీకంప్రెషన్ ఎంత మన్నుతుందనడానికి జనెట్టా బృందం 1996లో ప్రచురించిన 1,185 మంది లెక్కలున్నాయి: పదేళ్లకి కూడా సుమారు 70 శాతం మంది మందుల్లేకుండా నొప్పి లేకుండా ఉన్నారు. మిగతావారిలో నొప్పి తిరిగి రావడానికి కారణాలు వేర్వేరు. టెఫ్లాన్ జారి ఉండొచ్చు, దాని చుట్టూ కణజాలం గట్టిపడి ఉండొచ్చు, కొత్తగా ఇంకో నాళం ఆనుకుని ఉండొచ్చు. అప్పుడు మళ్లీ మాత్రలు మొదలుపెట్టి, మళ్లీ స్కాన్ తీస్తారు. ఆ రోజు చూసే సర్జన్‌కి మొదటి ఆపరేషన్‌లో ఏ నాళం దొరికిందో, టెఫ్లాన్ నరానికి ఏ వైపు పెట్టారో, సిరని ఏమైనా కాల్చారో తెలియాలి. డిశ్చార్జి సమ్మరీలో ఇది ఒక్క లైనే ఉంటుంది. పూర్తి ఆపరేషన్ నోట్సు కాపీనీ, స్కాన్ డిస్కునీ ఇంటికి వచ్చేముందే అడిగి తీసుకోండి.