పస్తు పెట్టినా పోని బ్యాండ్

పిఐ3కె అనే కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము) గురించి పుస్తకంలో చదివినప్పుడు సులువుగానే అనిపించింది. మనకు ఎక్కువగా వినిపించే కైనేజులు ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఇది మాత్రం కణం పొరలోని కొవ్వుకు తగిలిస్తుంది. పిఐపి2 అనే ఆ కొవ్వు ఉంగరంలో మూడో స్థానానికి ఒక్క ఫాస్ఫేట్ చేరితే చాలు, పిఐపి3 తయారు. దాన్ని పట్టుకుని ఎకెటి అనే ప్రోటీన్ పొర దగ్గరికి వస్తుంది. అక్కడ పిడికె1 అనే కైనేజ్ దాని 308వ అమైనో ఆమ్లమైన థ్రియోనిన్ మీద, ఎంటార్ కాంప్లెక్స్ 2 అనే మరో కైనేజ్ 473వదైన సెరీన్ మీద ఫాస్ఫేట్ పెడతాయి. ఆ తర్వాత ఎకెటి కణాన్ని పెరగమంటుంది, చావొద్దంటుంది.

నాకిచ్చిన పని ఆ 473 మీది ఫాస్ఫేట్‌ను, ప్రోటీన్లను జెల్ మీద సైజువారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తుపట్టే వెస్టర్న్ బ్లాట్‌లో చూపించడం. రాత్రంతా సీరం (కణాలను పెరగమనే సంకేతాలుండే రక్తద్రవం) లేకుండా కణాలను పస్తు పెట్టి, పొద్దున 100 నానోమోలార్ ఇన్సులిన్ పది నిమిషాలు ఇవ్వాలి. జెల్ మీద ఒక్కో నమూనాకు ఒక్కో గడి. పస్తున్న గడిలో ఏమీ ఉండకూడదు, ఇన్సులిన్ గడిలో 60 కిలోడాల్టన్ల దగ్గర నల్లగా బ్యాండ్ రావాలి.

మొదటి మూడుసార్లూ ఏ గడిలోనూ ఏమీ రాలేదు. తప్పు నాదే. ఫాస్ఫేట్ ఊడిపోకుండా, కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో సోడియం వెనడేట్ ఒక్కటే వేశాను. పసుపు రంగు పోయేదాకా దాన్ని మరిగించి, ఎంతో శ్రద్ధగా తయారుచేసుకున్నాను కూడా. కానీ అది ఆపేది టైరోసిన్ మీది ఫాస్ఫేట్‌ను తీసే ఎంజైములను. నాది సెరీన్! దాని మీది ఫాస్ఫేట్‌ను కాపాడే సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ కలిపి, అంతా ఐసు మీదే చేశాక బ్యాండ్ వచ్చింది. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటకుండా వాడే పాలపొడి మానేసి, ఆవు సీరంలోని ప్రోటీన్ అయిన బిఎస్‌ఎతో బ్లాక్ చేశాక మచ్చలూ తగ్గాయి. పాలలోని కేసీన్‌కే బోలెడు ఫాస్ఫేట్లుంటాయి మరి.

అయితే ఈసారి బ్యాండ్ పస్తున్న గడిలోనూ వచ్చింది. ఇన్సులిన్ గడికి, దానికి తేడా కనిపెట్టాలంటే కళ్లు చిట్లించాలి. సీరం సరిగా పోలేదేమోనని రెండుసార్లు కడిగాను, పస్తు 24 గంటలకు పెంచాను. ఊహూఁ. యాంటీబాడీ మీద అనుమానంతో కొత్తది తెప్పించమని అడిగి తిట్లు కూడా తిన్నాను.

చివరికి పిఐ3కెని ఆపే వోర్ట్‌మానిన్ వేసి చూశాను. అది నీళ్లలో ఎక్కువసేపు నిలవదు కాబట్టి, డిఎంఎస్‌ఓ అనే ద్రావకంలో ఉన్నదాన్ని అప్పటికప్పుడే పలచన చేసి, అరగంట ఉంచాను. బ్యాండ్ మాయం. అంటే యాంటీబాడీ నిజమే చెబుతోంది, కైనేజ్ కూడా పనిచేస్తోంది. మరి దాని పనిని చెరిపేసేవాడు ఏమయ్యాడు?

ఆ చెరిపేసేది పిటెన్. పిఐపి3 మీది ఆ మూడో ఫాస్ఫేట్‌ను ఊడబీకి మళ్లీ పిఐపి2 చేసేస్తుంది. నేను వాడుతున్నవి పిసి-3 కణాలు, ప్రోస్టేట్ క్యాన్సర్‌వి. వాటిలో పిటెన్ జన్యువే లేదు! ఇది 1997 నుంచీ తెలిసిన సంగతే. ఆ ఏడాది పిటెన్‌ను కనిపెట్టినప్పుడే అది చెడిన కణాల్లో వీటినీ చెప్పారు. నేనే కణాల సీసా మీద పేరు చూశాను తప్ప వాటి పుట్టుపూర్వోత్తరాలు చూడలేదు.

తర్వాతి వారం పిటెన్ ఉన్న డియు145 అనే మరో ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను పక్కనే పెంచి, రెండింటినీ ఒకే జెల్ మీద నడిపాను. డియు145 పస్తు గడి దాదాపు ఖాళీ, ఇన్సులిన్ గడి నల్లగా ఉంది. పక్కన పిసి-3 రెండు గడులూ ఎప్పటిలాగే నలుపు. ఇన్నాళ్లూ చెడిపోయాయనుకుని మూలన పడేసిన బ్లాట్లన్నీ తీసి, తేదీలు వేసి నోట్‌బుక్‌లో అంటించాను.