రాత్రిపూట ఆయాలు ఎంతమంది?

పక్షవాతంతో మంచం పట్టిన మా పెద్దమ్మ కోసం నిరుడు హైదరాబాదు శివార్లలో నాలుగు ప్రైవేటు వృద్ధాశ్రమాలు చూశాను. అనుమతి పత్రం చూపమని అడిగితే ఒకచోట సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రాన్ని, పటం కట్టించి గోడకు తగిలించినదాన్ని, గర్వంగా చూపారు. మరోచోట వంటగదికి తీసుకున్న ఆహార భద్రత లైసెన్సును తెచ్చారు. మంచంలోని మనిషిని చూసుకోవడానికి తగినంతమంది ఉన్నారా అన్నది ఆ రెండు కాగితాలూ చెప్పవు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి తగ్గకుండా నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమాలను రాష్ట్రప్రభుత్వం నెలకొల్పవచ్చునని దాని 19వ సెక్షను చెబుతుంది. ‘నెలకొల్పవచ్చు’ అనడమే గాని ‘నెలకొల్పాలి’ అనలేదు. నెలనెలా డబ్బు తీసుకునే ప్రైవేటు ఆశ్రమం రిజిస్టరు కావాలన్న నిబంధన అందులో లేనేలేదు. ఆశ్రమాలతోపాటు ఇళ్లకు ఆయాలను పంపే ఏజెన్సీలు కూడా రిజిస్టరు కావాలని, కనీస ప్రమాణాలను కేంద్రం నిర్దేశించాలని ప్రతిపాదిస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభకు ఒక సవరణ బిల్లు వచ్చింది. దాన్ని పరిశీలించిన పార్లమెంటు స్థాయీసంఘం 2021 జనవరిలో నివేదిక కూడా ఇచ్చింది. చివరకు 2024లో 17వ లోక్‌సభతోపాటే ఆ బిల్లూ మురిగిపోయింది.

అయితే, రిజిస్ట్రేషన్ ఒక్కటే వస్తే గోడమీద పటాలు మూడవుతాయి, అంతే. కదలలేని మనిషిని రెండుమూడు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపుకు పుండ్లు పడతాయి. ఆ పని ఎక్కువగా తప్పేది రాత్రిపూటే కాబట్టి, ఎంతమందికి ఎందరు ఆయాలన్న లెక్కను నిబంధనల్లో రాయాలి, తనిఖీకి చెప్పకుండా, అదీ రాత్రివేళ రావాలి. గది వైశాల్యం, లిఫ్టు వంటి షరతులే పెంచుకుంటూపోతే అద్దె ఇంట్లో పదిమందిని శ్రద్ధగా చూసుకునేవారు మూసుకుంటారు, హంగులున్నవారే మిగులుతారు. ఫిర్యాదు సంగతి మరీ కష్టం. అక్కడే తిని అక్కడే పడుకోవలసిన మనిషి, పక్కన ఆయా నిలబడి పట్టుకున్న ఫోన్లో, అమెరికాలోని కొడుకుతో “బాగానే ఉన్నాను నాన్నా” అనక ఏమంటుంది?

రాత్రి ఆయాల లెక్క అడిగితే మూడుచోట్ల మాట దాటవేశారు. నాలుగోచోట నిర్వాహకురాలు మాత్రం, “పద్నాలుగు మందికి ఇద్దరండీ, ఒకరు రాకపోతే నేనే లేస్తాను” అన్నారు. ఆ మాటను ఒప్పందంలో చేర్చమంటే, అలాంటిది తామెన్నడూ రాయలేదని, కావాలంటే నన్నే రాసి తెమ్మన్నారు. తెల్లకాగితం మీద రాసి తీసుకెళ్లాను. ఆవిడ చదివి, సంతకం చేశారు.